జొరం అని రాసిన ఉత్తరం



విజయవాడలో ముప్పై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్దిన మనిషిని నేను. ఉద్యోగంలో చేరినప్పుడు ఇంకా సీసపు అక్షరాల కాలం. కంపోజిటరు కేసులోంచి ఒక్కో అక్షరం ఏరి, వరసలు పేర్చి, గ్యాలీలోకి ఎక్కించేవాడు. దానికి సిరా పట్టించి, కాగితం అద్ది తీస్తే ప్రూఫు. ఆ పొడుగాటి కాగితం నా బల్ల మీదికి వచ్చేది. ఒత్తు జారినా, సున్న ఎగిరిపోయినా, దీర్ఘం పోయినా ఎర్ర సిరాతో గీసి మార్జిన్లో సరైన అక్షరం రాయడం నా పని. అచ్చుతప్పుల్ని ముద్రారాక్షసాలు అనేవాళ్లం. రాక్షసుల్ని వేటాడే ఉద్యోగమని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

మా అమ్మాయిని ఆరో తరగతిలో హాస్టల్లో చేర్చాం. అంతకుముందు ఒక్కరోజు కూడా ఇల్లు వదిలి ఉండని పిల్ల. నెల తిరిగేసరికి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, పెన్సిలుతో రాసింది. నాన్నగారికి నమస్కరించి అని మొదలుపెట్టి, మూడు రోజులుగా జొరం వస్తోందని, అన్నం సయించడం లేదని, అమ్మను చూడాలని ఉందని రాసింది. నేను ఆ ఉత్తరం చదువుతూ చదువుతూనే జేబులోంచి పెన్ను తీశాను. జొరం కొట్టేసి పైన జ్వరం అని రాశాను. మొత్తం పదకొండు తప్పులు తేలాయి. ఆ ఆదివారం హాస్టలుకు వెళ్తూ ఉత్తరం కూడా పట్టుకెళ్లాను. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో తప్పూ చూపించి చెప్పాను. ప్రేమతోనే చెబుతున్నాననుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో తప్పుల్లేవు. నాలుగు వాక్యాలు ఉండేవి. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, పరీక్షలు బాగా రాశాను, సెలవులకు వస్తాను. ఐదేళ్లపాటు ఆ నాలుగు వాక్యాలే వచ్చాయి. పిల్ల తెలుగు బాగుపడిందని నేను సంతోషించాను.

ఆ మొదటి ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. పెన్సిలు రాత మాసిపోయింది. నా ఎర్ర గీతలు చెక్కుచెదరలేదు.

ఈ గుణానికి పుస్తకాల్లో పరిపూర్ణతావాదం అని పేరు. ఈ మధ్య అందరూ పర్‌ఫెక్షనిజం అంటున్నారు. మన ఇళ్లల్లో దీనికి ఎప్పటి నుంచో మాటలున్నాయి. పట్టింపు అంటాం, చాదస్తం అంటాం, బాగా విసిగిపోతే కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటాం. ఈ మాటలన్నీ ఎదుటివాళ్లను అనడానికి పుట్టినవే. తనలోని చాదస్తాన్ని తానే గుర్తుపట్టి ఒప్పుకున్న మనిషి నాకు అరుదుగా తగిలాడు. ఎందుకంటే లోపల ఉన్నవాడికి అది చాదస్తంలా కనిపించదు. శ్రద్ధలా, బాధ్యతలా, పని మీద ప్రేమలా కనిపిస్తుంది. నాకు అలాగే కనిపించింది. అందుకే ఎవరికి వారు దాన్ని ఎలా పోల్చుకోవచ్చో, నాకు ఆలస్యంగా తెలిసినంత మేరకు మీతో చెప్పాలని వచ్చాను.

చాలామంది ముందు చేసిన పనుల్లో వెతుకుతారు. సర్దిన బీరువా, వరసగా పెట్టిన చెప్పులు, ముత్యాల్లాంటి దస్తూరీ చూసి వీడు పర్‌ఫెక్షనిస్టు అంటారు. అక్కడ అంతగా దొరకదు. చెయ్యకుండా మిగిలిపోయిన పనుల్లో చూడండి. నాతో పనిచేసిన ఒక మిత్రుడు ఇరవై ఏళ్లపాటు ఒకే నవల మొదటి మూడు అధ్యాయాలు తిరగరాశాడు. నాలుగోది లేదు. మా బంధువుల్లో ఒకావిడ, ఇల్లు ఒక కొలిక్కి వచ్చాక అందరినీ భోజనానికి పిలుస్తానని చెబుతూ చెబుతూ ఉండగానే పిలవాల్సిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆవిడ ఇంటికి వెళితే గది నిండా సామాను పోగుపడి ఉంటుంది. చూసినవాళ్లు బద్ధకం అనుకుంటారు. ఆవిడ మనసులో లెక్క వేరు. సర్దితే మొత్తం సర్దాలి, అరలోని ప్రతి డబ్బా కడిగి తుడిచి పెట్టాలి, ఆ ఓపిక ఈ పూట లేదు, కనుక ఈ పూటకు అసలు ముట్టుకోకూడదు. అయితే అంతా, లేకపోతే ఏమీ వద్దు అన్న ఈ లెక్కే ఆ గుణానికి మూలం. వాయిదా పడుతున్న పని మీ దగ్గర ఏదైనా ఉంటే, చెయ్యడం రాక వాయిదా వేస్తున్నారా, చేశాక అది ఎలా ఉంటుందోనని వేస్తున్నారా, ఒక్కసారి చూసుకోండి.

ఇంకో ఆనవాలు మెప్పు దగ్గర బయటపడుతుంది. పది మంది బాగుందని, ఒకరు ఇక్కడ చిన్న లోటుందని అంటే, రాత్రి పడుకున్నాక చెవిలో ఎవరి మాట మోగుతుంది? నేను దిద్దిన పుస్తకాలు కొన్ని వందలు ఉంటాయి. వాటిలో బాగా వచ్చినవి ఏవని అడిగితే తడుముకుంటాను. అట్ట మీద రచయిత పేరులో ఒత్తు పోయిన పుస్తకం ఏదని అడగండి, నెలతో సహా చెబుతాను. పని బాగా వచ్చినా కూడా, ఇది తేలిక పనే గనక బాగా వచ్చింది, ఈసారి గీత ఇంకొంచెం పైన గియ్యాలి అనిపిస్తుంది. 2002లో బ్రిటన్ పరిశోధకులు షఫ్రన్, కూపర్, ఫెయిర్‌బర్న్ ఈ గుణం ముదిరితే ఎలా ఉంటుందో వివరిస్తూ ఇదే సంగతి రాశారు. గీత అందకపోతే మనిషి తనను తాను తిట్టుకుంటాడు, అందితే గీత మరీ కిందకి గీశానని అనుకుంటాడు. గెలిచే దారి రెండు వైపులా మూసుకుపోయిన ఆట అది. మనిషి తన విలువనంతా ఆ ఒక్క గీతకు తాకట్టు పెట్టడమే అక్కడి అసలు జబ్బని వాళ్లు గుర్తించారు.

చిన్నపిల్లల నోటు పుస్తకాలు చూస్తుంటాను నేను. పిన్ను కొట్టిన నోటు పుస్తకంలో తప్పు రాశానని పిల్లాడు ఒక కాగితం చింపేస్తాడు. నాలుగు రోజులకు పుస్తకం అవతలి సగంలో, దానికి జోడీ అయిన మంచి కాగితం, ఏ తప్పూ లేని కాగితం, దానంతట అది ఊడి చేతిలోకి వస్తుంది. వందపేజీల పుస్తకం డిసెంబరు నాటికి నలభై పేజీలకు చిక్కిపోతుంది. పిల్లాడి చేతిలో అలా చిక్కిపోయిన పుస్తకం కనిపిస్తే వాడి మీద కోప్పడకండి. ఎవరికి భయపడి చింపుతున్నాడో కనుక్కోండి.

ఆ భయం ఎటు నుంచి వస్తుందన్నదాన్ని బట్టి మనస్తత్వ శాస్త్రంలో ఈ గుణాన్ని విడదీసి చూశారు. కెనడాలో పాల్ హెవిట్, గార్డన్ ఫ్లెట్ అనే ఇద్దరు తాము తయారుచేసిన నలభై అయిదు వాక్యాల ప్రశ్నావళిని 1991లో ప్రచురించారు. అందులో మూడు పాయలున్నాయి. నాకు నేను గీసుకునే గీత ఒకటి. ఎదుటివాళ్లకు నేను గీసే గీత రెండోది. నేను లోపం లేకుండా ఉంటేనే లోకం నన్ను మనిషిగా లెక్కేస్తుందని నమ్మడం మూడోది. నా ఎర్ర పెన్ను రెండో పాయ. దాన్ని నేను మోసినంత కాలం మా అమ్మాయి మూడో పాయలో ఈదుతోందని నాకు తెలియలేదు. ఒకే ఇంట్లో ఇది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఇలా రూపు మార్చుకుని దిగుతుంది.

మూడింటిలోకీ మూడోది ఎక్కువ బాధపెడుతుంది. దిగులుతో, ఆందోళనతో దానికే దగ్గర చుట్టరికం కనిపించింది. పెరుగుతున్నదీ అదే. థామస్ కరన్, ఆండ్రూ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు 1989 నుంచి 2016 దాకా అమెరికా, కెనడా, బ్రిటన్ కాలేజీ విద్యార్థులు ఆ ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులను ఒకచోట చేర్చి చూశారు. మొత్తం 41,641 మంది. మూడు పాయలూ పెరిగాయి, మూడోది అన్నిటికన్నా ఎక్కువగా 33 శాతం పెరిగింది. ఆ లెక్క మన పిల్లలది కాదు. అయినా మన దగ్గర పరిస్థితి తెలుసుకోవడానికి ప్రశ్నావళి దాకా వెళ్లక్కర్లేదు. తొంభై తొమ్మిది తెచ్చుకుని ఇంటికొచ్చిన పిల్లను మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయిందమ్మా అని. నవ్వుతూనే అడుగుతాం. తమాషాకే అడుగుతాం. ఆ పిల్లకు మాత్రం తెచ్చిన తొంభై తొమ్మిదీ చేతిలోంచి జారిపోతాయి. ర్యాంకుల ఫ్లెక్సీలు వీధి మొగదల కట్టే ఊళ్లల్లో, ఫ్లెక్సీ మీద లేని పిల్లలు వాటి కిందుగా నడిచి కాలేజీకి వెళ్తారు. వాళ్ల గురించి నాకు దిగులుగా ఉంటుంది. నిజంగా చాలా దిగులుగా ఉంటుంది.

ఇక్కడ ఒక సందేహం మీకు రావచ్చు. తప్పు చెయ్యకూడని పనులు ఉంటాయి కదా, ఆపరేషన్ చేసే డాక్టరుకైనా ఈ గుణం అక్కర్లేదా అని. ఆపరేషన్ థియేటర్ సంగతే చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకు పంతొమ్మిది అంశాల పట్టిక ఒకటి తెచ్చింది. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగిని గదిలోంచి బయటికి తీసుకెళ్లకముందు ఆగి, పైకి చదివి సరిచూసుకోవాలి. రోగి పేరేమిటి, ఏ వైపు కోత, లోపలికి వెళ్లిన గుడ్డలూ సూదులూ లెక్కకు సరిపోయాయా. ఎంత గొప్ప సర్జనైనా మరిచిపోగలడని ముందే ఒప్పుకుంటేనే అలాంటి పట్టిక పుడుతుంది. నా వల్ల తప్పు జరగదు అని పంతం పట్టినవాడి చేతిలో ఆ పట్టిక ఉండదు. నర్సు ఏదైనా ఎత్తి చూపినా అతనికి కోపం వస్తుంది. శ్రద్ధకూ నేను చెబుతున్న గుణానికీ గీత అక్కడుంది. తప్పు బయటపడిన క్షణంలో మీ చూపు తప్పు మీదికి వెళుతుందా, మీ మీదికి వెళుతుందా? తప్పు మీదికి వెళితే దాన్ని దిద్దుతారు. మీ మీదికి వెళితే దాన్ని దాస్తారు, లేదా మొత్తం పనినే చించేస్తారు.

నా వృత్తికి దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు, డొనాల్డ్ నూత్. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రానికి పెద్ద దిక్కు. ఆయన రాసిన పెద్ద గ్రంథం రెండో సంపుటం కొత్త ముద్రణకు 1977లో గ్యాలీ ప్రూఫులు వచ్చాయి. అప్పుడే సీసపు అక్షరాలు పోయి ఫోటో టైప్‌సెట్టింగ్ వస్తోంది. ఆ ప్రూఫుల్లో అక్షరాలూ గణిత సంకేతాలూ ఎంత వికారంగా ఉన్నాయంటే, ఆయన పుస్తకం పక్కన పెట్టేసి, పేజీలు అందంగా పేర్చే ప్రోగ్రాం తానే రాద్దామని కూర్చున్నాడు. ఒక ఏడాదిలో తెమిలిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్లు పట్టింది. టెక్ అని దానికి పేరు. ఇవాళ్టికీ గణిత శాస్త్రవేత్తలు తమ వ్యాసాలు దానితోనే కూర్చుకుంటారు.

ఇంతవరకు వింటే నాలాంటివాడే అనిపిస్తుంది. తర్వాత ఆయన చేసింది వినండి. నా పుస్తకంలో తప్పు పట్టుకున్న మొదటి మనిషికి రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లు ఇస్తానని ప్రకటించి, దశాబ్దాలపాటు చెక్కులు రాసి పంపించాడు. చాలామంది ఆ చెక్కు బ్యాంకులో వేసుకోలేదు, పటం కట్టించి గోడకు తగిలించుకున్నారు. ఇక టెక్ విషయానికొస్తే, ఒక దశ దగ్గర దాన్ని ఆపేశాడు. కొత్తవేవీ చేర్చడు. దిద్దినప్పుడల్లా దాని వెర్షను సంఖ్యకు గణితంలోని పై (π) విలువలో ఇంకో అంకె చేరుతుంది. తాను పోయాక వెర్షను సంఖ్యను π గానే ఖాయం చేసి, అప్పటికి మిగిలిన తప్పుల్ని ఆ ప్రోగ్రాం లక్షణాలుగానే ఉండనివ్వాలని రాసి పెట్టాడు. ప్రూఫు చూసి అంత కలత పడ్డ మనిషి, మిగిలిపోయే తప్పులకు ముందుగానే చోటు కేటాయించాడు. పదవీ విరమణ అయ్యాక ఇది చదివి నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

మన పాత పుస్తకాల్లోనూ ఈ నిబ్బరం ఉండేది. చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక వేసేవారు. ఫలానా పుటలో ఫలానా పంక్తిలో ఇది తప్పు, ఇది ఒప్పు అని రెండు వరసలుగా. నేను దాన్ని నా ఓటమిగా చూసేవాణ్ణి. అది వెయ్యకుండా ఉండాలని మూడో ప్రూఫు, నాలుగో ప్రూఫు అడిగేవాణ్ణి. సీసపు అక్షరాలతో ఒక చిక్కు ఉంది. వరసలో ఒక అక్షరం పీకి వేరేది పెడితే పక్కది ఒరుగుతుంది, వరస బిగుతు తప్పుతుంది, నిన్నటిదాకా సరిగా ఉన్న చోట ఇవాళ కొత్త తప్పు పుడుతుంది. ఒకసారి నాలుగో ప్రూఫు అడిగితే మా ప్రెస్సు ఫోర్‌మన్, పెద్దాయన, గ్యాలీ తన చేతిలోకి తీసుకుని అన్నాడు. "అబ్బాయ్, రెండో ప్రూఫు దాకా పుస్తకం కోసం చూశావు. ఇది నీ కోసం చూస్తున్నావు. పుస్తకం వెళ్లనీ." నాకు కోపం వచ్చింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చెప్పింది అర్థం కావడానికి పాతికేళ్లు పట్టింది.

తెలిసిపోయాక ఏం చెయ్యాలి అంటే, పెద్ద పెద్ద తీర్మానాలు పనికిరావు. ఇక నుంచి పర్‌ఫెక్షనిజం పూర్తిగా మానేస్తాను అనుకోవడం కూడా ఆ గుణమే ఇంకో వేషంలో రావడం. ఈ ఇబ్బందికి వైద్యం చేసే మనస్తత్వ నిపుణులు చిన్న చిన్న పరీక్షలు పెట్టుకోమంటారు. సందేశం ఒకటి రెండోసారి చదవకుండా పంపి చూడండి. వచ్చినవాళ్లను సర్దని గదిలోనే కూర్చోబెట్టండి. పంపకముందు, పిలవకముందు ఏం కొంప మునుగుతుందనుకున్నారో కాగితం మీద రాసుకోండి. మర్నాడు ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. తప్పొప్పుల పట్టికలాగే రెండు వరసలు. నేనిది రాయడం మొదలుపెట్టి రెండేళ్లయింది. మునుగుతుందనుకున్న కొంపలు చాలావరకు మునగలేదు. రెండుసార్లు నిజంగానే మాట పడ్డాను. మాట పడ్డ సాయంత్రం కూడా అన్నం తిన్నాను, నిద్రపోయాను. ఆ సంగతీ రాసుకున్నాను.

కొందరికి ఇది చాదస్తం దాటిపోతుంది. నిద్ర పోతుంది, తిండి పోతుంది, పరీక్ష పేరెత్తితే చేతులు వణుకుతాయి, బతికి ఏం లాభం అన్న మాట మనసులో తిరుగుతుంది. అప్పుడు ఇలాంటి ప్రసంగాలు చాలవు, మనిషి కావాలి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. టెలీ మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, 14416కు ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంకోసారి చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. మీకు అవసరం లేకపోయినా రాసి పెట్టుకోండి, మీ ఇంట్లో ఎవరికి అవసరమో మీకు తెలియకపోవచ్చు.

మా అమ్మాయికి ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. వేరే ఊళ్లో ఉంటుంది. వాట్సాప్ వచ్చినప్పటి నుంచి నాకు గొంతే పంపుతుంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు మాట్లాడి పంపుతుంది, అందరికీ టైపు చేస్తుంది, నాకు మాత్రం చెయ్యదు. ఎందుకో నాకు తెలుసు, తనకూ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కిందటేడు ఒకరోజు కూర్చోబెట్టుకుని ఆ ఇన్‌లాండ్ లెటర్ తన చేతికిచ్చాను. నీకు జ్వరం వచ్చిందని రాస్తే నేను ఏం చేశానో చూడమ్మా అన్నాను. ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "అప్పటికి తగ్గిపోయింది లెండి నాన్నగారూ" అంది. ఉత్తరం మడిచి నాకే తిరిగి ఇచ్చేసింది.

పోయిన నెల మనవడికి ఒంట్లో బాగాలేదు. మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. చూస్తే గొంతు లేదు, అక్షరాలున్నాయి. బాబుకి జొరం తగ్గింది నాన్నగారూ, రాత్రి రెండు ఇడ్లీలు తిన్నాడు అని. తెలిసి రాసిందో, చేతికొచ్చినట్టు రాసిందో నేను అడగలేదు. ఇడ్లీలోకి ఏం పెట్టావమ్మా అని అడిగాను.